మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన మా బోరు నీళ్ళు పసుపుగా వస్తున్నాయి, ఈ నేలను శుభ్రం చేయించాల్సింది ఎవరు?

గట్టుమీద_రైతు:

నమస్తే అందరికీ. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

మాది సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు నుంచి లోపలికి. ఊరి పేరూ కంపెనీ పేరూ కావాలనే రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాను. నాన్న పేరు మీద ఎకరం పది గుంటలుంది. గట్టుకు ఆనుకుని చిన్న కెమికల్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, మూతపడి ఏడేళ్ళయింది. గేటుకు తాళం, లోపలంతా సర్కారు తుమ్మ. వెనక గోడ వారగా ఇరవై ముప్పై డ్రమ్ములు అట్లాగే పడి ఉన్నాయి, కొన్ని తుప్పు పట్టి అడుగు ఊడిపోయాయి. గట్టి వాన పడితే గోడ కింద నుంచి డికాషన్ రంగు నీళ్ళు మా పొలంలోకి ఊరుతాయి.

ఇంతకాలం పట్టించుకోలేదు, తప్పే. పోయినేడు ఎండాకాలం నుంచి బోరు నీళ్ళే మారిపోయాయి. మోటరు వేసిన మొదటి పది నిమిషాలు తేటగా వస్తాయి, ఆ తర్వాత పసుపు తిరుగుతాయి. బకెట్లో పట్టి ఉంచితే పైన పల్చటి నూనె తెట్టు. వాసన అచ్చం గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు. పాలకూర మడి అంచులు మాడిపోతుంటే తీసేశాను, గేదెలకు కూడా ఆ నీళ్ళు పెట్టడం మానేశాం.

నాలుగు ఆఫీసులు తిరిగాను. ఒకచోట "కంపెనీ నడుస్తుంటే నోటీసు ఇస్తాం, మూతపడ్డదానికి ఎవరికివ్వాలి" అన్నారు. ఇంకోచోట "బోర్ల లెక్క మాది, అందులో ఏం కలిసిందో మాది కాదు" అన్నారు. మూడోచోట ఒకాయన జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి గ్లాసులో ముంచి, 900 ఉంది, ఆర్‌వో పెట్టుకోండి అని పంపేశాడు. నాలుగోచోట అర్జీ తీసుకుని స్టాంపు కొట్టారు, అంతే.

పేర్లు ఎందుకు రాయలేదంటే, మా చిన్నాయన పక్క సర్వే నంబరులో ప్లాట్లు చేస్తున్నాడు. "నువ్వు గొడవ చేస్తే గజం ధర పడిపోతది, ఊరు ఊరంతా నిన్నే తిడతది" అంటున్నాడు. సగం ఊరిదీ అదే మాట.

నాకు తెలియాల్సింది: నేలలో, నీళ్ళలో దిగిన విషాన్ని తీయించే బాధ్యత చట్టప్రకారం ఎవరిది? కంపెనీ వాళ్ళు దొరక్కపోతే ఎవరు ఖర్చు పెడతారు? నేనిప్పుడు ముందు ఏం చేయాలి?

బోర్‌బాస్:

అన్నా టెన్షన్ ఎందుకు, పాతది వదిలేసి ఇంకో 500 అడుగులు దింపు, కింద మంచి నీళ్ళు పడతాయి. మా దగ్గర అందరూ అదే చేశారు.

మట్టివాసన:

పై సలహా మాత్రం దయచేసి వినకండి. ల్యాబ్ తరఫున నీళ్ళ శాంపిళ్ళు పడుతూ పదకొండేళ్ళు తిరిగిన వాడిని కాబట్టి చెప్తున్నా. మన దగ్గర కింద ఉన్నది గ్రానైట్. పైన మెత్తబడ్డ రాయి పొర, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో పగుళ్ళు. నీళ్ళు ఆ పగుళ్ళ వెంబడే నడుస్తాయి. పైపొరలో ఉన్న కెమికల్‌కు మీరు 700 అడుగుల బొక్క కొట్టి ఇస్తే అది నేరుగా కిందికి దిగుతుంది, ఇంతకాలం బాగున్న పగుళ్ళు కూడా పోతాయి. కేసింగ్ పైపు పైన ముప్పై నలభై అడుగులు వేసి వదిలేస్తారు కదా మనవాళ్ళు, అది దేన్నీ ఆపదు.

రైతు గారూ, మీరు రాసిన ఒక్క ముక్క నాకు చాలా చెప్పింది: మొదటి పది నిమిషాలు తేట, తర్వాత పసుపు. అంటే బోరులో రాత్రంతా నిలబడ్డ నీళ్ళు ముందు వచ్చేస్తున్నాయి, ఆ తర్వాత పగుళ్ళలోంచి లాగుతున్న నీళ్ళు వస్తున్నాయి. రోగం ఆ రెండో నీళ్ళలో ఉంది. చాలామంది మోటరు వేయగానే సీసా పట్టేసి ల్యాబ్‌కు ఇస్తారు, రిపోర్టులో అంతా బాగుందని వస్తుంది. కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి రంగు నిలకడగా వచ్చాక పట్టాలి.

టీడీఎస్ మీటరు సంగతి: అది నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చెప్తుంది, ఏమిటో చెప్పదు. మంచినీళ్ళ ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్ 500 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సరే అని ఉంటుంది. మీ 900 చూసి ఆయన అందుకే తేలిగ్గా తీసుకుని ఉంటాడు. గోళ్ళరంగు వాసన వస్తోందంటే సాల్వెంట్లు, అంటే వేరే పదార్థాలను కరిగించడానికి ఫ్యాక్టరీల్లో వాడే ద్రవాలు, ఉన్నాయని నా అనుమానం, సాల్వెంటు ఆ మీటరుకు కనపడదు. ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అదీ ఆ మీటరు పట్టదు. మామూలు ఆర్‌వో కూడా సాల్వెంట్లన్నిటినీ ఆపుతుందని నమ్మకండి.

కాబట్టి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్ళి "బోరు నీళ్ళు, తాగడానికి" అనకుండా "కెమికల్ ఫ్యాక్టరీ పక్కన బోరు, భారలోహాలు, ఆవిరయ్యే సాల్వెంట్లు చూడాలి" అని అడగండి. సీసాలు వాళ్ళే ఇవ్వాలి. లోహాలకు నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసిన సీసా, సాల్వెంట్లకు 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, అది అంచుదాకా నింపి మూత పెట్టి తలకిందులు చేస్తే ఒక్క గాలి బుడగ కూడా కనపడకూడదు. బుడగ ఉంటే సాల్వెంటు దాంట్లోకి ఎగిరిపోతుంది. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ఇచ్చేయాలి. ఇంకోటి, ఫ్యాక్టరీకి ఎగువన, అంటే వాలుకు పైన ఉన్న వాళ్ళ బోరు నీళ్ళు కూడా ఒక సీసా పట్టండి. అది లేకపోతే రేపు "ఈ ఏరియా నీళ్ళే అంత" అని ఒక్క మాటతో కొట్టేస్తారు.

ఖర్చు తక్కువేం కాదు, ముందే అడిగి వెళ్ళండి.

కాగితంపులి:

లాయర్‌ను, పర్యావరణ కేసులు కొన్ని చూశాను. అడిగిన వరుసలో చెప్తాను.

బాధ్యత ఎవరిది అంటే, మొన్నమొన్నటి దాకా సూటిగా చెప్పే నియమాలే లేవు. నడుస్తున్న కంపెనీ వదిలే నీళ్ళకు నీటి చట్టం 1974 ఉంది, డ్రమ్ముల్లాంటి వ్యర్థాలకు ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016 ఉన్నాయి. కానీ ఇప్పటికే నేలలో ఇంకిపోయినదాన్ని ఎవరు గుర్తించాలి, ఎన్ని రోజుల్లో, ఎవరు తీయాలి అన్నదానికి ఒక పద్ధతి లేదు. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద. మీ కేసు సరిగ్గా అందులోకి వస్తుంది. (గనులు, అణు వ్యర్థాలు, సముద్రంలో చమురు, మున్సిపల్ చెత్తకుప్పలకు వేరే చట్టాలున్నాయి, వాటిని మామూలుగా ఇందులో కలపరు.)

అందులో పని ఇలా నడవాలి. స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ తమ పరిధిలో "అనుమానిత" స్థలాల జాబితా ఆరునెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, అవసరమైతే ఇంకో మూడు నెలల్లో వివరంగా సర్వే చేసి తేల్చాలి. పరిమితి దాటిందని తేలితే ఆ స్థలాన్ని బహిరంగంగా ప్రకటించి, అక్కడికి జనం పోకుండా ఆంక్షలు పెట్టాలి. నిపుణుల సంస్థ ఒకటి శుద్ధి ప్రణాళిక ఇవ్వాలి. కలుషితం చేసిందెవరో మండలి 90 రోజుల్లో తేల్చాలి, వాళ్ళే ఖర్చు భరించాలి. వాళ్ళు దొరక్కపోతే, ఇచ్చుకోలేకపోతే కేంద్రం, రాష్ట్రం కలిసి చూసుకోవాలి.

చూశారుగా, గుర్తించడానికి రోజుల లెక్క ఉంది, శుభ్రం చేయడం పూర్తి కావడానికి మాత్రం గడువు లేదు. నాకు ఇందులో నచ్చనిది అదే. దేశం మొత్తం మీద 103 స్థలాలు గుర్తిస్తే పని మొదలైనవి ఏడే అని ఈ నియమాలు వచ్చినప్పుడు పత్రికల్లో వచ్చింది.

మీ వరకు విషయం ఏమిటంటే, ఈ యంత్రం కదలాలంటే మీ సర్వే నంబరు ఆ అనుమానిత జాబితాలోకి ఎక్కాలి. స్టాంపు కొట్టించుకున్న అర్జీలో "నీళ్ళు బాగాలేవు, చర్య తీసుకోండి" అని ఉంటే అది మంచినీళ్ళ అర్జీ అయిపోయి వేరే బల్ల మీదికి పోతుంది. మళ్ళీ రాయండి: కలుషిత స్థలాల నియమాలు 2025 కింద ఫలానా సర్వే నంబరును అనుమానిత స్థలంగా నమోదు చేయమని కోరుతున్నాను అని. కలెక్టరుకు ఒకటి, పంచాయతీకో మున్సిపాలిటీకో ఒకటి, మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి. ల్యాబ్ రిపోర్టు జత చేయండి. అయితే ఒక మాట, మీరు పట్టిన శాంపిల్ కోర్టులో సాక్ష్యంగా నిలవడం కష్టం. నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం అధికారి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీలు వేసి తీస్తేనే దానికి విలువ. మీ రిపోర్టు వాళ్ళను అక్కడిదాకా రప్పించడానికే.

డ్రమ్ములను మర్చిపోకండి, మీ చేతిలో ఉన్న బలమైన ముక్క అదే. 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో నిల్వ ఉంచకూడదు. అక్కడ ఏడేళ్ళున్నాయి! ఫోటోలు తీయండి, గోడ ఇవతల నుంచే, లోపలికి దూకకండి.

కంపెనీ వాళ్ళు దొరకరు అనేది సగం అబద్ధం. ఆర్‌టీఐ వేసి మూడు అడగండి: ఆ యూనిట్‌కు ఇచ్చిన అనుమతి పత్రం, ఏటా ఇవ్వాల్సిన ఫారం 4 రిటర్నులు, వ్యర్థం బయటికి పంపిన ఫారం 10 కాగితాలు. ఎంత పుట్టింది, ఎంత బయటికి పోయింది అన్న రెండు లెక్కలు కలవకపోతే ఆ తేడా ఎక్కడుందో మీ బోరే చెప్తోంది. స్థలం పారిశ్రామిక మౌలిక సంస్థ కేటాయించినదైతే అక్కడ ఫైలు ఉంటుంది. బ్యాంకు వేలం వేసి ఉంటే కొన్నవాడి పేరు ఉంటుంది.

చెన్నైలో హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే ప్రత్యేక కోర్టు) దక్షిణ బెంచ్ ఉంది, ఆ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 15 కింద పరిహారం, పునరుద్ధరణ రెండూ అడగొచ్చు, ఐదేళ్ళ గడువు ఉంటుంది. అందుకే నీళ్ళు రంగు మారిన నెల ఏదో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

నక్కవాగు_పాతకాపు:

లాయరు గారు చెప్పింది కాగితం మీద నిజం. నేల మీద కూడా ఒకటి రెండు చెప్పనీయండి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురికి కలిసిన మా నక్కవాగు కథ 1990లో సుప్రీంకోర్టుకు పోయింది, 1056 నంబరు రిట్. తర్వాత హైకోర్టుకొచ్చింది, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు. ఆ రిట్ వేసిన సంవత్సరం పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. మంజీర నీళ్ళు పైపుల్లో వచ్చాయి, కొందరికి పంట నష్టం వచ్చింది, శుద్ధి కేంద్రం పెట్టారు, అక్కడి నీళ్ళు అంబర్‌పేట దాకా పైపులో పోయే ఏర్పాటు చేశారు. ఇవన్నీ పోరాడితేనే వచ్చినవి, డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్ళు ఊరూరా తిరిగితే వచ్చినవి, కాదనను. కానీ అన్నీ ఇకముందు వచ్చే మురికి గురించి. ఇప్పటికే వాగు అడుగున, చెరువు పూడికలో, బోర్లలో కూర్చున్నదాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఈ పారిశ్రామికవాడ మట్టిలో భారలోహాల మీద ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళ పరిశోధన పత్రం 2001లోనే వచ్చింది. మరి?

ఇంకా విచిత్రం వినండి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే, అంటే శుద్ధి చేశాక వచ్చే నీళ్ళు, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు దొరికింది. తర్వాత ఊళ్ళ బావుల్లోనూ మందులు కనపడ్డాయి. అయినా మంచినీళ్ళ ప్రమాణంలో యాంటీబయాటిక్‌కు గడే లేదు. మందుల కంపెనీలు వదిలే నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో 2020 ముసాయిదాలో పెట్టారు, 2021లో ఖరారు చేసినప్పుడు తీసేశారు. కాబట్టి తమ్మీ, నీ రిపోర్టులో "అన్నీ పరిమితి లోపలే" అని వచ్చినా నిశ్చింతగా ఉండకు. వాళ్ళు వెతికినవే దొరుకుతాయి.

లాయరు గారూ, కలుషితం చేసినవాడే కడతాడు అని అంత ధైర్యంగా అనకండి. రాజస్థాన్ బిచ్ఛ్రీ సంగతి మీకే బాగా తెలుసు.

కాగితంపులి:

తెలుసు, అందుకే నసిగాను. తెలియనివాళ్ళకు: ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీలో హెచ్-యాసిడ్ అనే రంగుల తయారీ రసాయనం చేసిన ఫ్యాక్టరీల వల్ల బావుల నీళ్ళు రంగు మారిపోయాయి. 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కలుషితం చేసినవాళ్ళే శుభ్రం చేసే ఖర్చు పెట్టుకోవాలని తీర్పు చెప్పింది, ఆ లెక్క 37 కోట్ల పైచిలుకు తేలింది. కట్టకుండా దరఖాస్తు మీద దరఖాస్తు వేస్తూ పదిహేనేళ్ళు లాగారు. 2011లో కోర్టు విసిగి చక్రవడ్డీతో కట్టమంది. మన దేశంలో ఈ సూత్రానికి పునాది రాయి అంటూ అందరం చెప్పుకునే కేసు అది.

అయినా రైతు గారికి నా సలహా మారదు. కేసు వేరు, జాబితాలో ఎక్కడం వేరు. రెండోదానికి పైసా ఖర్చు లేదు.

ఎడిసన్_ఏలూరు:

న్యూజెర్సీ నుంచి. నేను ఇదే పని చేస్తాను, కలుషిత స్థలాల శుద్ధి, పద్నాలుగేళ్ళ నుంచి. ఇక్కడ ఎలా చూస్తారో చెప్తే ఏమైనా ఉపయోగపడుతుందేమో.

ఎడిసన్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మన తెలుగువాళ్ళందరికీ ఒక భయం ఉంటుంది, పెరట్లో భూమి కింద పాత హీటింగ్ ఆయిల్ ట్యాంకు ఉందేమో అని. అందుకని కొనేముందు మెటల్ డిటెక్టర్‌తో పెరడంతా తిప్పిస్తారు. ట్యాంకు దొరికి, అది కారి ఉంటే, మట్టి తవ్వి, పరీక్షించి, ఇక ఏమీ చేయనక్కర్లేదు అన్న కాగితం వచ్చేదాకా చాలా కొనుగోళ్ళు ముందుకు కదలవు. పోయినేడాది మా కజిన్ బేరం ఇలాగే మూడు నెలలు ఆగింది, తిట్టుకుంటూ కూర్చున్నాడు. నాకైతే ముచ్చటేసింది. కొనేవాడే ఇన్‌స్పెక్టర్ అయిపోయాడు కదా.

పెద్ద స్థలాలకు 2009 నుంచి ఈ రాష్ట్రంలో వేరే పద్ధతి. అంతకుముందు ప్రభుత్వ ఉద్యోగే ప్రతి దశలో సంతకం పెట్టాలి, వేల కేసులు పేరుకుపోయాయి. ఇప్పుడు లైసెన్స్ ఉన్న నిపుణుడిని కంపెనీయే పెట్టుకుంటుంది, పని అయిందని ఆ నిపుణుడే సర్టిఫికెట్ ఇస్తాడు. కంపెనీ డబ్బు తింటూ కంపెనీ తప్పు రాస్తాడా అని మీరు అడుగుతారు, నేనూ మొదట్లో అడిగాను. లైసెన్స్ బోర్డు వేరే ఉంది, తప్పు రాస్తే లైసెన్స్ పోతుంది, ప్రజలకు తక్షణ ప్రమాదం కనపడితే క్లయింటుకు ఇష్టం లేకపోయినా ప్రభుత్వానికి చెప్పి తీరాలి, ఆ సర్టిఫికెట్‌ను ప్రభుత్వం ఆడిట్ చేసి రద్దు చేయొచ్చు. పని వేగం పెరిగింది. దొంగలు లేరని మాత్రం అనను.

దిక్కులేని స్థలాలకు 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం. అందులో రసాయన, చమురు కంపెనీల మీద పన్ను వేసి నిధి పెట్టారు. ఆ పన్ను 1995 చివర్లో ఆగిపోయింది, నిధి అడుగంటింది, మళ్ళీ 2021, 2022 చట్టాలతో తెచ్చారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయని చట్టానికి పళ్ళుండవు అని నేను అక్కడే నేర్చుకున్నాను. లాయర్ గారు "కేంద్రం, రాష్ట్రం కలిసి" అన్నచోట నాకు కొంచెం భయమేసింది.

రైతు గారు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఎంత తీస్తే శుభ్రమైనట్టు? మన దగ్గర కొడైకెనాల్‌లో చూడండి, హిందుస్తాన్ యూనిలీవర్ పాదరసం థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. మట్టి కిలోకు 20 మిల్లీగ్రాముల పాదరసం దాకా ఉండనివ్వొచ్చని లెక్క పెట్టారు. కింద అడవి, ఏరు ఉన్నాయి, ఇది చాలదని ఉద్యమకారులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. ఇళ్ళ స్థలానికి ఒక అంకె, ఫ్యాక్టరీ స్థలానికి ఒక అంకె ఉంటుంది. మీ పక్కన ప్లాట్లు వస్తున్నాయి కాబట్టి "పారిశ్రామిక స్థలం" అంకెతో ముగించే ప్రమాదం ఉంది. ఆకుకూరలు పండే నేల అని మొదటి అర్జీలోనే రాయండి.

ఇంకో తేడా, ఇక్కడ కొంత కాలుష్యం అక్కడే వదిలేస్తే ఆ సంగతి ఆస్తి పత్రాల్లో నమోదు చేయాలి, కొనేవాడికి కనపడుతుంది. మన ఈసీలో (ఆస్తి మీద లావాదేవీల పత్రం) తాకట్టు కనపడుతుంది గానీ ఆర్సెనిక్ కనపడదు.

బోర్‌బాస్:

సారీ అన్నా, నాకు ఈ పగుళ్ళ సంగతి తెలియదు. మా ఊళ్ళో మరి అందరం దింపేశామే. ఇప్పుడేం చేయాలి?

మట్టివాసన:

వాడని బోర్లను అట్లా వదిలేయకుండా కింది నుంచి సిమెంటు పాలు, బెంటోనైట్ మట్టితో పూడ్పించండి. మీ ఏరియాలో ఫ్యాక్టరీ లేకపోతే అంత కంగారు వద్దు, కానీ నీళ్ళు ఒకసారి చూపించండి.

గట్టుమీద_రైతు:

అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగు ఆఫీసుల్లో దొరకనిది ఇక్కడ ఒక రాత్రిలో దొరికింది. అర్జీ మళ్ళీ రాశాను, అనుమానిత స్థలంగా నమోదు చేయమని, ఆకుకూరల నేల అని కూడా కలిపాను. గోడ ఇవతల నిచ్చెన వేసి డ్రమ్ముల ఫోటోలు తీశాను, 34 లెక్కకొచ్చాయి, రెండిటి మీద లేబుల్ కొంచెం కనపడుతోంది. ఆర్‌టీఐ సోమవారం వేస్తాను.

ఒక సంగతి చెప్పాలి. నిన్న రాత్రి పది దాటాక మా చిన్నాయన ఇంటికొచ్చాడు. తన వెంచర్‌లో వేసిన బోరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చాడు, "నీ వాటితో పాటు ఇవి కూడా చూపించు, నా పేరు మాత్రం ఎక్కడా రాయకు" అన్నాడు. ప్లాట్లలో ఇద్దరు అప్పుడే ఇళ్ళు కట్టుకుని చేరారట, చంటిపిల్ల ఉందట ఒక ఇంట్లో. లైటు వెలుగులో చూస్తే సీసా అడుగున లేత పసుపు.

అది రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. పనికొస్తుందా మట్టివాసన గారూ?

మట్టివాసన:

పనికిరాదు. ఆ ఇంటివాళ్ళను ఈ రోజు నుంచే ఆ నీళ్ళు వాడొద్దని చెప్పమనండి, రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, స్నానానికి కూడా వద్దు. నాకు మెసేజ్ పెట్టండి, సీసాలు నేను తెస్తాను. ఆదివారం పొద్దున ఆరింటికి మోటరు వేయించి ఉంచమనండి మీ చిన్నాయనను, ఆయన పేరు సీసా మీద రాయం, నంబరు రాస్తాం.